పేజీలో పట్టని వరుస

నేను రచయితనే. కాకపోతే నా పుస్తకాల మీద నా పేరుండదు. చిన్నపిల్లలున్న ఇళ్లలో గుమ్మాలకూ మెట్లకూ పెట్టుకునే రక్షణ గేట్లు తయారుచేసే కంపెనీలో నా ఉద్యోగం. పెట్టెలో గేటుతో పాటు ఒక చిన్న పుస్తకం వస్తుంది చూశారూ, 'ముందుగా ఈ సూచనలన్నీ పూర్తిగా చదవండి' అని మొదలవుతుందే, అది రాసేది నేనే. ఏటా కొన్ని వేల ఇళ్లలోకి వెళుతుంది. చదివేవాళ్లు మహా అయితే ఏడుగురు. పెట్టె విప్పగానే గేటు బయటికి లాగుతారు, మరలన్నీ నేల మీద కుమ్మరిస్తారు, పుస్తకాన్ని పిల్లదాని చేతిలో పెడతారు. అది నములుతుంది. నా పాఠకుల సగటు వయసు పది నెలలు.

అయినా నాకు బడాయి తక్కువేమీ కాదు. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు తాగకముందే వాళ్ల గేటు పట్టుకుని ఊపి చూస్తాను. చువ్వల మధ్య నాలుగు వేళ్లు పెట్టి సందు కొలుస్తాను. 'మీరు పుస్తకం చదవలేదు కదూ' అంటాను. అలా అనీ అనీ కొందరు స్నేహితులు మమ్మల్ని పిలవడమే మానేశారు. గేట్ల గురించి నాకు తెలియనిది లేదని ఆరేళ్లుగా అనుకుంటున్నాను. నా చేతులతో ఒక్క గేటు కూడా బిగించలేదన్న సంగతి ఆరేళ్లుగా ఎవరూ అడగలేదు.

మా అమ్మాయికి పదకొండో నెల. మేం దాన్ని పీత అంటాం. ఎందుకంటే అందరు పిల్లల్లా ముందుకు పాకదు, పక్కకు పాకుతుంది. మంచం వైపు బయల్దేరి బీరువా దగ్గర తేలుతుంది. ఒకరోజు పొద్దున అది గదిలోంచి పక్కకు పక్కకు పాకి, మెట్ల పై అంచున చతికిలబడి, కిందికి జారవిడిచిన చెంచాను వంగి వంగి చూస్తోంది. మా ఆవిడ స్నానాల గదిలోంచి వస్తూ చూసింది. అరవలేదు. వెనకనుంచి వెళ్లి ఒక్క ఉదుటున ఎత్తుకుంది. తరవాత నా దగ్గరికి వచ్చి అరిచింది.

"గేట్ల కంపెనీలో పనిచేసేవాడి ఇంట్లో గేటు లేదంటే నలుగురూ ఏమంటారు? సాయంత్రానికల్లా గేటు రావాలి."

మా ఆవిడ ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. రిపోర్టు ఎప్పుడొస్తుందని అడిగేవాళ్లకు సమాధానం చెప్పీ చెప్పీ ఆమెకు గడువులంటే పట్టింపు. వాళ్లమ్మ ముందు నన్ను 'మీరు' అంటుంది, ఎవరూ లేనప్పుడు 'నువ్వు' అంటుంది. ఆరోజు వాళ్లమ్మ కింద వంటింట్లో ఉంది కాబట్టి గొంతు తగ్గించి, "నువ్వు మనిషివేనా?" అని కూడా అంది.

సంగతి ఏమిటంటే గేట్లు రెండు రకాలు. నా పుస్తకం మీరూ చదివి ఉండరు కనక చెబుతున్నాను. ఒకటి గోడకు రంధ్రాలు చేసి మరలతో బిగించేది. రెండోదాన్ని మా గోడౌన్‌లో నొక్కుడు గేటు అంటారు. దాని నాలుగు మూలలా రబ్బరు బిళ్లలుంటాయి. వాటిని తిప్పుతూ పోతే అటూ ఇటూ నొక్కుకుని, ఆ బిగువుతోనే గేటు నిలబడుతుంది. గోడకు చిల్లు పడదు. మాది అద్దె ఇల్లు. ఒప్పంద పత్రంలో తొమ్మిదో షరతు, 'గోడలకు మేకులు కొట్టరాదు'. అచ్చులో ఉన్నదాన్ని నేను జవదాటను. ఇంటి యజమానికి ఒక్క ఫోను చేసి అడిగితే పోయేదే, కానీ ఆయన గొంతు వింటేనే నాకు చెమటలు పడతాయి. ఇంట్లో మాత్రం, "చాలా ఆలోచించి నొక్కుడు గేటు ఎంచుకున్నాను" అన్నాను.

కొలతలు తీసుకునేటప్పుడు మా అత్తగారు పక్కన నిలబడింది. ఆవిడ నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన మనిషి. షాపు మూసేసి రెండేళ్లయినా మెడలో టేపు తియ్యలేదు. మనవరాలి కోసమని వచ్చి మా దగ్గరే ఉంటోంది. నేను మెట్ల పైన గోడకీ కటకటాల స్తంభానికీ మధ్య, నా రొమ్ము ఎత్తున, ఒకసారి కొలిచి అంకె రాసుకున్నాను.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది అత్తయ్యగారూ."

"పైన కొలిచారు. నడుం దగ్గర? కింద?"

"గోడ గోడే కదండీ. అదేమన్నా మనిషా?"

"గోడక్కూడా పొట్ట ఉంటుంది బాబూ," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

గోడకు పొట్ట ఉంది. నేల దగ్గర గోడ పొడుగునా వేసిన టైలు పలక వేలెడు ముందుకొచ్చి ఉంది. నేను తెచ్చిన గేటు పైన వదులుగా, కింద ఇరుకుగా కూర్చుని, తాగొచ్చినవాడిలా ఒక పక్కకు వాలింది. 'పదిహేను నిమిషాల్లో అమర్చవచ్చు' అని మొదటి పేజీలో రాశాను. ఆ పదిహేను నేనెక్కణ్ణించి తెచ్చానో నాకు గుర్తులేదు, వినడానికి బాగుంటుందని పెట్టి ఉంటాను. మూడు గంటలు గడిచేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మర్నాడు ఆ గేటు వాపసు ఇచ్చి, అత్తగారు మూడుచోట్ల కొలిచి రాసిచ్చిన చీటీ పట్టుకెళ్లి, సరైన కొలత గేటూ, దానికి పలక దగ్గర వేసే జోడింపు ముక్కా తెచ్చాను. ఈసారి పుస్తకం పక్కన పెట్టుకుని, నేను రాసినది రాసినట్టు, ఒక్కో దశా చేశాను. గేటు నిటారుగా నిలబడింది. గడియ వేస్తే టక్కున పడింది. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఆరేళ్ల తరవాత నా పుస్తకం పనిచేస్తుందని తెలిసింది.

మా ఆవిడ గేటును పైనుంచి కిందికి చూసి, "ఇది మెట్ల పైన పెట్టొచ్చా?" అంది. వాళ్లమ్మ పక్కనే ఉంది కాబట్టి, "పెట్టొచ్చాండీ?" అని సర్దుకుంది.

"పెట్టకూడదని పుస్తకంలో ఎక్కడన్నా ఉందా? చదువుకో."

"రాసింది మీరే కదా, అందుకే అడుగుతున్నా."

"రాసింది నేనే కాబట్టి చెప్తున్నా. లేదు."

అత్తగారు గేటు తెరిచి దాటబోతూ ఆగింది. గేటుకు కింద అడ్డంగా ఇనపపట్టీ ఉంటుంది, తలుపు తెరిచినా అది నేల మీదే ఉంటుంది. దాన్ని బొటనవేలితో తడిమి చూసింది. "ఇది కాలికి తగులుతోంది బాబూ. గుమ్మంలో అయితే నాలుగడుగులు తూలి ఆగుతాం. ఇక్కడ తూలితే కింద వంటింట్లోనేగా ఆగేది?"

"కాలెత్తి దాటాలి అత్తయ్యగారూ. నాలుగో పేజీలో ఉంది."

"నాలుగో పేజీలో ఉంటే సరే," అంది ఆవిడ. ఆ రోజునుంచి బట్టల బుట్ట ఎత్తుకుని పైకి రావడం మానేసి, బట్టల్ని రెండేసి మూడేసి చేత్తో పట్టుకుని, రెండో చేత్తో స్తంభం పట్టుకుని ఎక్కేది. నా పనిని వెక్కిరించడానికే అలా చేస్తోందని నాలో నేను ఉడుక్కున్నాను.

పదో రోజున, శనివారం పొద్దున, మా ఆవిడ అన్నయ్య వచ్చాడు. వాళ్లకు మూడు నెలల్లో పిల్లో పిల్లాడో పుట్టబోతున్నారు. గేట్ల గురించి బావగారిని అడిగి తెలుసుకుందామని వచ్చాడు పాపం. నన్ను గేట్ల గురించి ఎవరైనా తమంతట తాము వచ్చి అడగడం అదే మొదటిసారి. పైకి తీసుకెళ్లి, మెట్ల దగ్గర నిలబెట్టి, చువ్వల సందు, గడియ, రబ్బరు బిళ్లలు, అన్నీ వర్ణించాను. అత్తగారు వెనక మడత మంచం మీద బట్టలు మడుస్తోంది. మా ఆవిడ పీతను ఎత్తుకుని గది గుమ్మంలో నిలబడి, ఎప్పుడైపోతుందా అన్నట్టు చూస్తోంది.

"గట్టిగానే ఉంటుందా బావా?" అన్నాడు.

"ఏనుగును కట్టెయ్యి," అని గేటుకు వీపు ఆనించి, చేతులు కట్టుకుని, వెనక్కి వాలాను.

ఏనుగు సంగతి తెలియదు. నేను డెబ్బై ఎనిమిది కిలోలు. ఎడమ పక్కన పైనున్న రబ్బరు బిళ్ల స్తంభం మీద జర్రున జారింది. ఆ తరవాత జరిగింది వరుసక్రమంలో చెప్పడం నాకలవాటు కాబట్టి చెబుతాను. మావి పద్నాలుగు మెట్లు. ఏడో మెట్టు దాకా గేటు నా కింద ఉంది. అక్కణ్ణించి నేను దాని కింద ఉన్నాను. వంటింటి గుమ్మం దగ్గర ఇద్దరం విడిపోయాం.

కళ్లు తెరిచేసరికి పైనుంచి చప్పట్లు వినిపించాయి. పీత. దాని జీవితంలో అంత వినోదం ఎప్పుడూ చూడలేదు. ఇంకోసారి చెయ్యమన్నట్టు చేతులు చాపుతోంది. బావమరిది కంగారుగా దిగి వచ్చి, నేను తిట్టుకోవడం విని, బతికే ఉన్నానని తేలాక, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నవ్వనీ పాపం అనుకున్నాను. ఆ చోట నేనుంటే కూర్చుని నవ్వేవాణ్ని.

మా ఆవిడ మాత్రం నవ్వలేదు. దిగలేదు కూడా. పిల్లను గట్టిగా అదుముకుని, గేటు ఊడిపోయిన ఖాళీకేసి చూస్తూ ఉండిపోయింది. తరవాత వాళ్లమ్మా అన్నయ్యా వింటుండగానే అంది.

"నేను డ్యూటీకి వెళ్లేటప్పుడు రోజూ ఇది ఈ గేటు పట్టుకునే లేచి నిలబడుతోంది. పట్టుకుని ఊపుతూ నాకు టాటా చెప్తోంది. పది రోజులుగా. తెలుసా నీకు?"

నాకు తెలియదు. ఆ టైములో నేను నిద్రపోతుంటాను. 'నీకు' అన్న మాట నాకు కాలి నొప్పి కంటే గట్టిగా తగిలింది. గేటు చువ్వల మీద, నా మోకాలి ఎత్తున, ఎండిపోయిన చొంగ మరకలు వరసగా కనిపిస్తున్నాయి. పది కిలోల పిల్ల రోజూ ఊపి ఊపి వదులుచేసిన గేటును నేనొచ్చి పడగొట్టాను. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే, అని ఆలోచన అక్కడిదాకా వెళ్లి ఆగిపోయింది. దాన్ని ముందుకు పోనివ్వలేదు.

చీలమండ గుమ్మడికాయంత వాచింది. నన్ను సోఫాలో కూర్చోబెట్టి కాలి మీద ఐసు పెట్టారు. బావమరిది వెళ్లిపోయాడు, గేటు సంగతి మళ్లీ మాట్లాడకుండా. మా ఆవిడ పిల్లతో పైనే ఉంది, గది తలుపు వేసుకుని. అత్తగారు కళ్లద్దాలు పెట్టుకుని, నా ఎదురుగా కుర్చీ లాక్కుని, నా పుస్తకం చేతిలోకి తీసుకుంది. మొదటి పేజీ నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఒక్క మాట వదల్లేదు. ముందుమాట, మరల లెక్క, బొమ్మ ఒకటి, బొమ్మ రెండు. నా రచన ఒకరి నోట వినడం నాకు జీవితంలో మొదటిసారి. ఇలా వింటాననుకోలేదు.

"మెట్ల పైన పెట్టకూడదని లేదే," అంది చివరికి. "పాపం, మీదేం తప్పు బాబూ. పుస్తకంలో చెప్పినట్టే చేశారు. తప్పంతా ఈ పుస్తకం రాసినవాడిది."

ఆవిడ వెక్కిరించడానికి అన్నదో, నిజంగానే ఆ క్షణాన మర్చిపోయి అన్నదో ఇప్పటికీ తెలియదు. మొహంలో ఏమీ లేదు. మళ్లీ మూడో పేజీ తిప్పి, కింద ఒక వరుస మీద వేలు పెట్టింది. "ఇదేంటి? 'మీ చిన్నారి తొలి అడుగులకు తోడుగా మేము'. ఇదెందుకు ఇక్కడ?"

"అందానికండీ."

"దీనికి చోటు దొరికిందే," అంది.

అప్పుడు గుర్తొచ్చింది.

రెండేళ్ల కిందటి మాట. నొక్కుడు గేటు కొత్తగా తయారైనప్పుడు, దాని పుస్తకం ఎనిమిది పేజీల్లో ఇమడాలి. ఎనిమిది దాటితే అచ్చులో ఇంకో నాలుగు పేజీలు కలపాల్సిందే, కాగితాన్ని నాలుగేసి పేజీలుగానే మడుస్తారు. మూడో పేజీలో ఒక్క వరుస ఎక్కువైంది. ఒకే ఒక్క వరుస, పేజీ దాటి కిందికి వేలాడుతోంది. ఏదో ఒకటి తియ్యాలి. నేను కుర్చీలో వెనక్కి వాలి, రెండు వరుసల్ని పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ఒకటి నా తొలి అడుగులు. రెండోది 'ఈ గేటును మెట్ల పైభాగాన అమర్చరాదు'. రెండోది అందరికీ తెలిసిందేగా అనుకున్నాను. పైగా 'రాదు', 'కూడదు' అని ఎక్కువ ఉంటే చదివేవాళ్లకు చిరాకు అని కూడా అనుకున్నాను. మీట నొక్కాను. వరుస పోయింది. పేజీ ముద్దుగా కుదిరింది. టీ తాగడానికి వెళ్లాను.

ఇదంతా అత్తగారికి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. బహుశా లేచి వెళ్లిపోలేని స్థితిలో ఉన్నందువల్ల. ఆవిడ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

"ఒకావిడ కోటు గుడ్డ ఇచ్చింది నాకు," అంది తరవాత. "షాపు పెట్టిన కొత్తలో. చెయ్యి పొడుగు తప్పు కోశాను. ఎవరికీ తెలీదు. ట్రయలుకి వచ్చినప్పుడు, గుడ్డ కుంచించుకుపోయిందని చెప్పొచ్చు. అందరూ చెప్పేదదే. నాకు మనసొప్పలేదు. ట్రయలు దాకా ఆగకుండా వాళ్లింటికెళ్లి, గుమ్మంలో నిలబడి, తప్పు కోశానమ్మా అని చెప్పాను. వీధంతా వినేలా తిట్టింది."

"మళ్లీ కుట్టించుకోవడానికి వచ్చిందా?"

"ఎక్కడా! మళ్లీ మొహం చూపించలేదు," అని లేచింది. "కోటు కాబట్టి తిట్లతో పోయింది బాబూ."

ఆదివారం మా ఆవిడ ఇంటి యజమానికి ఫోను చేసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "పిల్ల పడితే ఆ గోడ నాకెందుకమ్మా? కొట్టుకోండి," అన్నాడట. ఏ మనిషి గొంతు వింటే నాకు చెమటలు పడతాయో ఆ మనిషి. తల్లీ కూతుళ్లిద్దరూ మరలతో బిగించే గేటు తెప్పించి, డ్రిల్లు అరువు తెచ్చి, మూడుచోట్ల కొలిచి, తలుపు మెట్ల వైపు కాకుండా లోపలి వైపు తెరుచుకునేలా బిగించారు. నేను సోఫాలో కాలు చాపుకుని గడియారం చూస్తున్నాను. పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఆ ఒక్క మాటన్నా నేను నిజమే రాశానన్నమాట.

మా ఆవిడ కిందికి వచ్చి డ్రిల్లు బల్ల మీద పెట్టి, "ఎన్ని అమ్మారు?" అంది.

"ఏవి?"

"నీ తొలి అడుగులు."

అంటే వాళ్లమ్మ చెప్పేసిందన్నమాట. "పదకొండు వేలు," అన్నాను.

ఆమె ల్యాబులో ఒక్క శాంపిలు తారుమారైందని అనుమానం వస్తే ఆరోజు చేసిన పరీక్షలన్నీ మళ్లీ చేస్తారని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

సోమవారం చేతికర్ర ఊతంతో ఆఫీసుకు వెళ్లాను. నా బల్ల గోడౌనుకీ క్యాంటీనుకీ మధ్య ఉంటుంది. అక్కడ కూర్చుని, తేలుకుట్టిన దొంగలా అటూ ఇటూ చూసి, కంప్యూటరులో పాత పుస్తకం తెరిచాను. నిజం చెప్పాలంటే నా మొదటి ఆలోచన మంచిది కాదు. వచ్చే నెల కొత్త అచ్చు ఉంది. తొలి అడుగులు తీసేసి ఆ చోట పాత వరుస పెట్టేస్తే ఎవరికీ తెలియదు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. చదివేదే ఏడుగురు. అయినా ఆ వరుస ఉన్నా చదివేవాళ్లు కాదేమో కదా అని కూడా అనుకున్నాను. నా పుస్తకాన్ని ఎవరూ చదవరన్న సంగతి ఆరేళ్లలో మొదటిసారి నాకు ఊరట ఇచ్చింది. అంతలోనే నేను చదివి నమ్మిన సంగతి గుర్తొచ్చింది. చదవనివాళ్లు ఎలాగూ తమ తెలివితో పెట్టుకుంటారు. నన్ను నమ్మి, పేజీ పేజీ చదివి, ఎక్కడా వద్దని లేదు కదా అని మెట్ల పైన పెట్టుకున్నవాళ్ల సంగతేమిటి? నా అసలైన పాఠకులు వాళ్లే కదా.

లేచి గేట్లమ్మ గదికి వెళ్లాను. గేట్లన్నీ ఆవిడే గీస్తుంది కాబట్టి అందరూ ఇంజనీరుగారిని గేట్లమ్మ అంటారు, ఎదురుగా అనరు. విషయం చెప్పాను. ఆవిడ బీరువాలోంచి పాత ఫైలు తీసి, తను రాసిచ్చిన కాగితం బయటికి లాగింది. మొదటి వాక్యమే అది. దాని కింద ఎర్ర సిరాతో రెండు గీతలు. పక్కన, 'ముందు ఇదే, పెద్ద అక్షరాల్లో'. దాన్ని మొదటి పేజీనుంచి మూడో పేజీకి దింపింది నేనే. అక్కణ్ణించి బయటికి తోసిందీ నేనే.

ఆవిడ ఆఖరి ప్రతి తీసింది. ప్రతి పేజీ కింద ఆవిడ సంతకం ఉంది. మూడో పేజీ కింద కూడా.

"నేను బొమ్మల్లో కొలతలే చూశాను," అంది. మొహం పాలిపోయింది. "రాత మీది కదా, మీరు చూసుకుంటారనుకున్నాను."

ఆ సంతకాన్ని చూపించి తప్పుకోవచ్చన్న ఆలోచన నాకు రాలేదని చెప్పను. వచ్చింది. నేనంత మంచివాణ్ని కాను. కానీ ఆవిడే కుర్చీలోంచి లేచి, "పదండి, మేనేజరుగారి దగ్గరికి. కాలు నొప్పయితే నా భుజం పట్టుకోండి," అంది.

మేనేజరుగారు మొత్తం విని, "ఎవరన్నా ఫిర్యాదు చేశారా?" అన్నారు.

"నేను చేస్తున్నానండీ. కొన్నవాణ్ని కూడా నేనే. పడ్డవాణ్ని కూడా నేనే."

ఆయన నా కాలి కట్టుకేసి చూశారు. నవ్వాలో తిట్టాలో తేలక కాసేపు పెన్ను మూత తీసి పెట్టారు, తీసి పెట్టారు. తరవాత తిట్టారు. గేట్లమ్మను కూడా. క్యాంటీను దాకా వినిపించిందని తరవాత తెలిసింది. అయ్యాక, గోడౌన్‌లో ఉన్న పెట్టెలు ఆపెయ్యమనీ, దుకాణాలకు కబురు పెట్టమనీ, పేపర్లలో ప్రకటన వెయ్యమనీ చెప్పి, నా వైపు తిరిగారు.

"నీ ఉద్యోగం సంగతి తరవాత. వారంటీ కార్డులు నింపి పంపినవాళ్ల ఫోను నంబర్లు ఉన్నాయి కదా, ముందు వాళ్లకు ఫోన్లు చెయ్యి. ఏం చెప్పాలో రాసుకో. రాయడం నీకొచ్చుగా."

రాసుకున్నాను. 'నమస్కారమండీ, మీరు మా నొక్కుడు గేటు కొన్నారు. దాన్ని మెట్ల పైన పెట్టకూడదు. పుస్తకంలో ఆ మాట రాయలేదు, అది మా తప్పు. పెట్టి ఉంటే తీసెయ్యండి, గోడకు మరలతో బిగించే గేటు మేమే తెచ్చి పెడతాం.' నా జీవితంలో రాసిన వాటిల్లో అందం లేనిది ఇదొక్కటే. తిప్పి తిప్పి చదివాను. తీసెయ్యడానికి ఏమీ దొరకలేదు.

మొదటి ఫోనాయన మాకు మెట్లే లేవని పెట్టేశాడు. రెండో ఆవిడ గేటు ఎప్పుడో విప్పేసి బాల్కనీలో పడేశామంది. మూడో ఆయన, పుస్తకమా, పుస్తకం కూడా ఉందా అన్నాడు. ఇంకొకాయన నేనేదో అమ్మడానికి ఫోను చేశాననుకుని చెడామడా తిట్టాడు. మధ్యాహ్నానికి నలభై మూడు ఫోన్లయ్యాయి. ఏడుగురు మెట్ల కింది చివర పెట్టుకున్నారు, ఎక్కువమంది వంటింటి గుమ్మానికి. నా మనసు తేలికపడుతోంది. పాపం, నేననుకున్నంత నష్టమేమీ జరగలేదు, అనవసరంగా తిట్లు తిన్నానేమో అని కూడా అనుకున్నాను. బడాయి మనిషికి కాలు విరిగినా బుద్ధి రాదు.

నలభై నాలుగో నంబరు ఒకావిడ ఎత్తింది. వెనకాల ఏదో చప్పుడు వినిపిస్తోంది. నేను కాగితం చూసి చదవబోయాను.

"నమస్కారమండీ, మీరు మా నొక్కుడు గేటు..."

"ఆఁ, కొన్నామండీ, చాలా బాగుంది," అంది ఆవిడ. గొంతు హుషారుగా ఉంది. "మావారికి ఇలాంటివంటే భయం. నేనే పుస్తకం మొత్తం చదివి పెట్టాను. చాలా వివరంగా రాశారండీ. నిజంగా పదిహేను నిమిషాల్లో అయిపోయింది."

ఆరేళ్లుగా నేను ఎదురుచూసిన మాటలవి.

"ఎక్కడ పెట్టారండీ?" అన్నాను.

"పైన, మెట్ల దగ్గర. వద్దని ఎక్కడా లేదు కదా, చూశాను."

వెనకాల చప్పుడు ఏమిటో అప్పుడర్థమైంది. టక్, టక్, టక్. గడియ వదులుగా కొట్టుకునే చప్పుడు. పది రోజులుగా మా ఇంట్లో పొద్దున్నే నా నిద్రలోకి వచ్చి, నేను దుప్పటి కప్పేసుకున్న చప్పుడు.

"పాప ఎక్కడుందండీ?"

"పాప కాదు, బాబు. ఇదుగో, దాన్నే పట్టుకుని నిలబడ్డాడు. ఊపుతున్నాడు చూడండి ఎలా..."

నా చేతిలో కాగితం ఉంది. అందులో నాలుగో వాక్యం దాకా తీసెయ్యమన్న మాటే రాదు.

"అమ్మా, ముందు బాబును ఎత్తుకోండి. ఏమీ అడక్కండి. ఎత్తుకోండి."

ఫోను దేనిమీదో పడ్డ శబ్దం. అడుగుల చప్పుడు. టక్ టక్ ఆగిపోయింది. ఆ తరవాత ఏమీ వినిపించలేదు. క్యాంటీనులో ఎవరో గిన్నెలు పడేశారు, నేను రెండో చెవి మూసుకున్నాను. చాలాసేపటికి ఒక పిల్లాడు ఆట పాడైందని ఏడుస్తున్న ఏడుపు, ఫోనుకు దగ్గరగా వచ్చింది.

"ఎత్తుకున్నాను," అంది ఆవిడ. గొంతులో ఇందాకటి హుషారు లేదు. "ఏమైంది? అసలు ఎవరు మీరు?"

"ఆ పుస్తకం రాసినవాణ్నమ్మా," అన్నాను.